వీలుంటే, కొంచెం త్వరగా

ప్రియమైన మీకు,

ముందుగా నా రాతకీ, తప్పులకీ ఏమీ అనుకోకండి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియనప్పుడు రెండుచోట్లా పెడుతున్నాను, మీకు ఏది కావాలంటే అది ఉంచుకోండి. గీతలు లేని కాగితం కావడంతో వరసలు కిందికి జారిపోతున్నాయి. మీ విమానాలే నయం, తిన్నగా దిగుతాయంటారు.

ఇక్కడ అందరం కులాసా. బావగారు వసారా పైకప్పు బాగుచేయిస్తున్నారు. రోజంతా సుత్తి చప్పుడు. ఆ చప్పుడుకి లోపల మీ బిడ్డ కూడా తన్నడం మొదలుపెట్టింది. నిన్న అత్తయ్య మొదటిసారి చెయ్యి పెట్టి చూశారు. "ఎవరే ఇది, తలుపు కొట్టినట్టు కొడుతోంది. తీసేదాకా ఊరుకునేట్టు లేదు" అన్నారు. నవ్వాపుకోలేక గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

రోజూ సాయంత్రం మన ఇంటి మీదుగా ఒక విమానం వెళ్తుంది. అది మీరు పంపించిందేనని అత్తయ్యకి చెప్పాను. ఆవిడ పని మానుకుని మరీ బయటికి వచ్చి చూస్తున్నారు. అది మీదో కాదో రాయండి. కాకపోయినా అవుననే రాయండి, ఆవిడకి చదివి వినిపించాలి కదా.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి వచ్చాం. బీపీ కొంచెం ఎక్కువగా ఉందన్నారు. కాళ్లు కూడా కొంచెం వాచాయి. ఇక్కడి ఆసుపత్రి చిన్నది కాబట్టి, వీలుంటే పెద్దాసుపత్రి ఉన్న ఊళ్లో ఉంటే మంచిదన్నారు. మీ ఊళ్లో పెద్దాసుపత్రి ఉందని గుర్తొచ్చింది. అంతే, గుర్తొచ్చింది. మీరు పనిలో ఉంటారు, కంగారు పడకండి.

టవరులో కూర్చుని మీరు చేసే పనేమిటో ఈసారైనా నాకర్థమయ్యేలా రాయండి. "మా ఆయన ఆకాశంలో ట్రాఫిక్ పోలీసు" అని పక్కింటావిడతో అన్నాను. ఆవిడ "మరి ఈల ఎలా వినబడుతుంది" అని అడిగింది. మిమ్మల్ని అడిగి చెబుతానన్నాను.

మీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

నీ ఒత్తులన్నీ ఉంచుకున్నాను, ఒక్కటీ పారేయలేదు. సాయంత్రం విమానం నాదే. అమ్మకి చెప్పు, రేపటినుంచి ఇంకాస్త కిందుగా పంపిస్తాను.

పక్కింటావిడకి ఇలా చెప్పు. మాది నాలుగు పక్కలా అద్దాలున్న గది. అద్దాల్లోంచి చూసేది తక్కువ, వినేది ఎక్కువ. చెవులకి హెడ్‌ఫోను, నోటి ముందు మైకు. ఒకే దారి మీద అందరి గొంతులూ వస్తాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. అందుకని ఎవరూ సొంత కబుర్లు చెప్పరు, కావలసిన మాట చెప్పి దారి వదిలేస్తారు.

ఇందులో అసలు కిటుకు ఒకటుంది. నేను "ఎడమకి తిరుగు" అంటే, పైలట్ "ఎడమకి తిరుగుతున్నాను" అని నాకు తిరిగి చెప్పాలి. ఊరికే సరే అంటే కుదరదు. నేనన్న మాట నాకే తిరిగి వినబడాలి. ఒకసారి తిరిగి సరిగ్గా చెప్పాడంటే ఇక అతని సంగతి నిశ్చింత, తరవాతి విమానం చూసుకోవచ్చు. ఒక్కోసారి పది విమానాలు నా చెవిలో ఉంటాయి. అయినా ఒక్కదాన్నీ ఇంకోదానికి తగలనివ్వను. డ్యూటీ దిగేసరికి తల తిరుగుతుంది, కానీ ఎంత హుషారుగా ఉంటుందో నీకు చెప్పలేను.

బీపీ కొంచెమే కదా. ఉప్పు తగ్గించు. మధ్యాహ్నం పడుకో. మెట్లెక్కకు. క్వార్టరు కోసం నా వంతు నాలుగోది. ముందున్న ముగ్గురికీ వచ్చాక మనకి వస్తుంది. ఇప్పుడు నేనుండే గదిలో ముగ్గురం, మంచాలు రెండు. పగటి డ్యూటీవాడు లేచేసరికి రాత్రి డ్యూటీవాడు వచ్చి అదే దుప్పటిలో దూరతాడు. అక్కడికి నిన్నెలా తీసుకురాను. క్వార్టరు వచ్చేదాకా అమ్మ దగ్గరే ఉండు.

నీ టవరు మనిషి

*

ప్రియమైన మీకు,

మీ పద్ధతిలోనే మీరు చెప్పినవి తిరిగి చెబుతున్నాను. ఉప్పు తగ్గిస్తున్నాను. మధ్యాహ్నం పడుకుంటున్నాను. మెట్లెక్కడం లేదు. క్వార్టరు వచ్చేదాకా అత్తయ్య దగ్గరే ఉంటాను. సరిగ్గా చెప్పానా?

అత్తయ్య పక్కనే ఉండి విన్నారు. "ఇదేం ఉద్యోగమే, చెప్పింది తిరిగి చెప్పించుకోవడం. చిన్నప్పుడు వీడికి నేను ఏది చెప్పినా ఒక్కటీ తిరిగి చెప్పేవాడు కాదు, తిరగబడేవాడు" అన్నారు.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. బీపీ ఇంకొంచెం పెరిగిందట. ఉంగరం రాకపోతే సబ్బు రాసి తీశాం. ఇంకో రెండు వారాలు దాటితే రైలు ప్రయాణం చెయ్యొద్దన్నారు. మీ గది సంగతి రాశారు కాబట్టి అడగడానికి మొహమాటంగా ఉంది. అయినా, వీలుంటే, కొంచెం త్వరగా, ఎక్కడైనా చిన్న గది దొరుకుతుందేమో చూస్తారా? వంటిల్లు లేకపోయినా ఫరవాలేదు. అసలు గదే దొరక్కపోయినా ఫరవాలేదు.

సాయంత్రం విమానం నిజంగానే కిందుగా వచ్చినట్టుంది. అత్తయ్య చెయ్యి ఊపారు.

మీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. గది సంగతి నెమ్మదిగా చూద్దాం. ముందు ఇది విను. తొందరలో రాస్తున్నాను, ఈసారి తప్పులు నావి.

మొన్న పొద్దున ఒకటే పొగమంచు. టవరులోంచి చూస్తే కింద రన్‌వే ఉందో లేదో తెలియడం లేదు. పైన విమానాలు ఒకదాని మీద ఒకటి చక్కర్లు కొడుతున్నాయి. మంచు పలచబడినప్పుడల్లా ఒక్కొక్కదాన్ని దించుకుంటున్నాను. వాటిలో ఒక చిన్న విమానం ఉంది, ముప్పైమంది ప్రయాణికులు. పైలట్ గొంతు మెత్తగా ఉంది.

"టవర్, మా దగ్గర ఇంధనం కొంచెం తక్కువగా ఉంది. వీలుంటే కాస్త త్వరగా దించండి" అన్నాడు.

"మీది నాలుగో వంతు. అక్కడే తిరుగుతూ ఉండండి" అన్నాను.

"నాలుగో వంతు. ఇక్కడే తిరుగుతున్నాను" అన్నాడు. పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు. నాకింకేం కావాలి. అతన్ని వదిలేసి మొదటిదాన్ని పట్టుకున్నాను.

ఆ మొదటిది పెద్ద విమానం. నేలదాకా వచ్చి, రన్‌వే కనబడక మళ్లీ పైకి లేచిపోయింది. దాన్ని మళ్లీ వరసలో ఇరికించాలి, మిగతావాటిని దూరం జరపాలి. నాకు ఊపిరి ఆడటం లేదు. అంతలో మెత్తని గొంతు మళ్లీ వచ్చింది.

"టవర్, ఇంకా ఎంతసేపు పట్టొచ్చు?"

"ఇంకాసేపు" అన్నాను. విసుగ్గానే అన్నాను.

"ఇంకాసేపు. సరే" అన్నాడు.

నా వెనక మా పెద్దాయన ఉన్నారు. మా అందరిలోకీ సీనియరు, రిటైరు కాబోతున్న మనిషి. చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "ఆ గొంతు రెండోసారి అడిగిందిరా" అన్నారు.

"చెప్పాను సార్. తిరిగి కూడా చెప్పాడు."

"నువ్వు చెప్పింది అతను తిరిగి చెప్పాడు. అతను చెప్పింది నువ్వు తిరిగి చెప్పావా?"

నేను జవాబు చెప్పేలోపే మైకు తీసుకున్నారు. "ట్యాంకులో ఎన్ని నిమిషాలుంది? అంకె చెప్పండి" అన్నారు.

హెడ్‌ఫోనులో గరగర. దాని వెనకే అదే మెత్తని గొంతు, "తొమ్మిది. బహుశా ఎనిమిది" అంది.

పిచ్చుకా, అది ఒక్కసారి దిగడానికే చాలీచాలని ఇంధనం. తరవాత ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా గుర్తుంది. పెద్దాయన అందరినీ పక్కకి పంపేశారు. పెద్ద విమానాన్ని కూడా, పొమ్మంటే పోయింది, ఒక్కరూ ఎందుకని అడగలేదు. అగ్నిమాపక బండ్లు బయల్దేరాయి. నేను రాడార్ తెర చూస్తూ ఎత్తులు చదువుతున్నాను, ఆయన దారి చెబుతున్నారు, అతను తిరిగి చెబుతున్నాడు. మంచులోంచి రెండు దీపాలు కనబడ్డాయి. చక్రాలు నేలకి తాకాయి. సగం దూరం వెళ్లాక ఒక ఇంజను తనంతట తానే ఆగిపోయింది. ట్యాంకులో చుక్క లేదు. ముప్పైమందీ నడిచి దిగారు. ఒక పెద్దావిడ సంచి మరిచిపోయానని మళ్లీ ఎక్కబోయిందట. టవరులో మేమందరం ఒకరినొకరం పట్టుకుని అరిచేశాం.

తరవాత ఆ పైలట్ మెట్లెక్కి మా దగ్గరికి వచ్చాడు. నా ఈడువాడే. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

"ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగాను.

"చెప్పాను కదా."

"ఎప్పుడు?"

"ఇంధనం తక్కువగా ఉందని మొదట్లోనే చెప్పానుగా."

"అలా కాదు. ప్రమాదంలో ఉన్నవాడు మేడే అని మూడుసార్లు అనాలి. ఆ మాట వింటే ఆకాశం మొత్తం ఖాళీ చేస్తాం. మీకు తెలీదా?"

"తెలుసు" అని తల దించుకున్నాడు. "మీరు చాలా పనిలో ఉన్నారు. ముందున్నవాళ్లని చూస్తే, ఇంకాసేపు ఆగలేనా అనిపించింది."

ఇప్పుడు పైవాళ్లు విచారణ పెట్టారు. అది తేలేదాకా నాకు మైకు ఇవ్వరు. నేను రూలు తప్పలేదు. తప్పు అతనిదేనని అందరూ అంటున్నారు. అయినా నాకొకటి అర్థం కావడం లేదు. ప్రాణం మీదికి వచ్చినా ఆ ఒక్క మాట గట్టిగా అనడానికి మనిషికి ఏం అడ్డొస్తుంది? నీకేమైనా తోస్తే రాయి. ఉప్పు తగ్గించావా?

నీ టవరు మనిషి

*

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. విమానం దిగేదాకా ఆవిడ నా మోచెయ్యి వదల్లేదు, వేళ్ల గుర్తులు పడ్డాయి. దిగాక నీళ్లు తాగి, "ఆ పైలట్‌ని వాళ్లమ్మ మరీ బుద్ధిమంతుడిగా పెంచింది" అన్నారు. తరవాత నా మొహం చూసి, "నువ్వేంటే అలా అయిపోయావు" అన్నారు.

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. మీరడిగిన దానికి జవాబు నాకు తెలుసు. ఇంత పెద్ద పరీక్షలు పాసైన మీరు నన్ను అడగడం, అది నాకు తెలిసి ఉండటం నాకే వింతగా ఉంది.

ఆ మాట అంటే అందరూ మన వైపే తిరుగుతారు. వరసలో ముందున్నవాళ్లని మన కోసం జరపాలి. అవతలి మనిషి గొంతులో విసుగు వినబడుతుంది. ఒకవేళ జరిపాక మనకేమీ కాకపోతే, ఇంతోటిదానికా ఇంత గొడవ అంటారు. అందుకని భయాన్ని కత్తిరించి చిన్న ముక్క చేసి పంపిస్తాం. చిన్నగా చెప్పినా అవతలివాళ్లు పెద్దగా వింటారని ఆశ. వాళ్లు వినకపోతే, వాళ్లు చెప్పింది బుద్ధిగా తిరిగి చెప్పి ఊరుకుంటాం.

ఆ పైలట్ ఇంధనం గురించి చెప్పినట్టే నేను మీకు బీపీ గురించి చెప్పాను. మీరు ఆయనకి చెప్పినట్టే నాకూ చెప్పారు, నాలుగో వంతని. నేనూ తిరిగి చెప్పాను. మీరు నిశ్చింతగా తరవాతి విమానం చూసుకున్నారు. మిమ్మల్ని అనడం లేదు. నేను పంపిన ముక్క అంత చిన్నది.

ఇప్పుడు కత్తిరించకుండా రాస్తాను. డాక్టరమ్మ "వీలుంటే" అనలేదు. ఆ మాట నేను కలిపాను. నిన్న మళ్లీ వెళ్తే బీపీ నూట అరవై దాటిందన్నారు. ఒంట్లో నీరు చేరింది. రెండు రోజులుగా కళ్ల ముందు చుక్కలు కనబడుతున్నాయి. "ఇది పెరిగితే మూర్ఛ వస్తుంది. నీకూ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ నా చేతిలో ఏమీ లేదు, పెద్దాసుపత్రికి వెళ్లిపో, రేపు అనకు" అన్నారు. అత్తయ్యని బయట కూర్చోబెట్టి నాతో ఒక్కదానితోనే అన్నారు. నేను బయటికి వచ్చి ఆవిడకి కూడా కొంచెం అనే చెప్పాను.

ఇవాళ ఆవిడకి మొత్తం చెప్పాను. కోప్పడతారనుకున్నాను. లేచి వెళ్లి పెట్టె దించి బట్టలు సర్దడం మొదలుపెట్టారు. "మావాడికి ఆకాశంలో ఉన్నవాళ్ల మాటే వినబడుతుంది. నువ్వూ ఆ భాషలోనే రాయి" అన్నారు.

మేడే, మేడే, మేడే.

గురువారం పొద్దుటి రైలుకి నేనూ అత్తయ్యా బయల్దేరుతున్నాం. సాయంత్రానికి మీ స్టేషనులో దిగుతాం. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం నా చేతిలో ఉంటుంది. ఆసుపత్రిలో నాకు మంచం కావాలి, అత్తయ్యకి తల దాచుకోవడానికి చోటు కావాలి. మీరు రెండు మంచాల మీద ముగ్గురు పడుకుంటే నలుగురూ పడుకోవచ్చు, చోటు చూడండి. గురువారం దాటితే నేను రైలెక్కలేను.

ఇదంతా తంతిలో నాకు తిరిగి చెప్పండి. ఊరికే సరే అంటే కుదరదు.

మీ పిచ్చుక

*

తంతి

మూడుసార్లూ విన్నాను. గురువారం పొద్దుటి రైలు. నువ్వూ అమ్మా. నూట అరవై. కళ్ల ముందు చుక్కలు. కాగితం చేతిలో. స్టేషనులో ఉంటాను. ఆసుపత్రిలో మంచం మాట్లాడాను. పెద్దాయన ఇంట్లో అమ్మకి గది. నీ ముందు ఎవరూ లేరు.

*

ప్రియమైన మీకు,

ఆడపిల్ల. ఇద్దరం బతికి ఉన్నాం. ఇద్దరం బాగున్నాం. ముందు ఇది చెప్పి తరవాత మిగతాది రాయమని అత్తయ్య తల దగ్గర కూర్చుని చెబుతున్నారు.

మీరు విచారణ కోసం హెడ్డాఫీసుకి రైలెక్కిన మధ్యాహ్నమే చుక్కలు ఎక్కువైపోయాయి. తరవాత ఎదురుగా ఉన్న కిటికీ సగమే కనబడింది. నర్సు అవతలి మూల ఎవరికో మందు పోస్తోంది. చేతిలో ఇంకో నాలుగు గ్లాసులున్నాయి, ముందు వాళ్లకి ఇచ్చి రానీ అనుకోబోయాను. అలా అనుకోబోతుండగానే నన్ను నేను పట్టుకున్నాను. వార్డంతా వినబడేలా, "నాకు కళ్లు కనబడటం లేదు, డాక్టర్ని ఇప్పుడే పిలవండి" అన్నాను. గ్లాసులు కింద పడ్డాయి. పక్క మంచం ఆవిడ తన పురుటినొప్పులు మరిచిపోయి లేచి కూర్చుంది. ఎంతమంది పరుగెత్తుకొచ్చారో చూడలేదు, కానీ మంచం చక్రాల మీద ఎగిరినట్టు వెళ్లింది. మీ విమానం ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది.

ఆపరేషను చేశారు. ఇంకో గంట ఆలస్యమై ఉంటే, అని డాక్టరు మొదలుపెట్టి, అత్తయ్య మొహం చూసి ఆపేశారు. "నీ నోట్లో అంత గొంతు ఉందని నాకు తెలీదే. ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టుకున్నావు" అని ఆవిడ ఇప్పటికి పదిసార్లు అడిగారు. వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతున్నారు. చెప్పినప్పుడల్లా పడ్డ గ్లాసులు పెరుగుతున్నాయి.

పిల్ల నెల ముందు వచ్చింది కాబట్టి గాజుపెట్టెలో పెట్టారు. నాలుగు పక్కలా అద్దాలు, మీ టవరు లాగే. మీ అరచేతిలో పట్టేంత ఉంది. ఆకలేస్తే మాత్రం ఆ వరండా చివరిదాకా వినబడేలా ఏడుస్తుంది. వరసలో ఇంకా ఐదుగురు పిల్లలున్నారని చూడదు. నర్సులందరూ ముందు దీని దగ్గరికే వస్తున్నారు. ఆ ఏడుపు వింటుంటే నాకు ఎంత సంతోషంగా ఉందో రాయలేను.

విచారణ సంగతి పెద్దాయన భార్య వచ్చి చెప్పింది. పైలట్‌దే తప్పని మీ చేత అనిపించాలని చూశారట. మీరు నిలబడి, "అతను చెప్పాడు. నా మాట నాకు తిరిగి వినబడితే చాలనుకుని అతని మాట నేను వినలేదు" అన్నారట. ఇక మీదట ఎవరు ఇంధనం తక్కువన్నా టవరు వెంటనే అంకె అడగాలని అక్కడే రాసుకున్నారట. మీకు మైకు తిరిగి ఇస్తారో లేదో ఇంకా తేల్చలేదట. ఇవ్వకపోతే ఏం చేస్తారో నాకు తెలియదు. కానీ ఆ మాట మీరు అన్నందుకు ఈ మంచం మీద నేను చాలా గర్వంగా పడుకుని ఉన్నాను.

అత్తయ్య పిల్లని చూడటానికి వెళ్లారు. ఎవరూ లేరు కాబట్టి ఇంకొక్కటి రాస్తున్నాను. మనిద్దరమే ఉన్నప్పుడైనా "మీరు" అనకు, "నువ్వు" అను అని ఎన్నిసార్లు అన్నారో. నా నోరు పెగల్లేదు. కాగితం మీద అంటున్నాను.

నువ్వు రా. నువ్వు పక్కన లేకపోతే నాకు బాగాలేదు. వాళ్లు విచారణ ముగించినా ముగించకపోయినా రేపటి రైలెక్కి రా. నీ కోసం నేను ఒళ్లంతా చెవులు చేసుకుని ఉన్నాను.

వచ్చాక ఎదురుగా మాత్రం మళ్లీ "మీరు" అనే అంటాను, అడిగినా "నువ్వు" అనను. ఇది అత్తయ్య కంటా, పెద్దాయన కంటా పడితే నేను తలెత్తుకోలేను. చదివిన చోటే, రైల్లో అయినా సరే, అగ్గిపుల్ల గీసి ఈ ఉత్తరం కాల్చేసెయ్యి.

నీ పిచ్చుక